గుణింతం అప్పజెప్పే పిల్లవాడు ‘కే’ ఒక్కటి చూపిస్తే చదవలేకపోతున్నాడు: మెదడు శాస్త్రం దీనికి ఏమైనా చెబుతుందా?

పలకాబలపం అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది నా చేతికి మూడో తరగతి వచ్చింది. 23 మంది పిల్లలు. వచ్చే నెల, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మెదడు శాస్త్రాన్ని బోధనకు ఎలా వాడుకోవచ్చో ఇరవై నిమిషాలు మాట్లాడాలంటూ మా ప్రధానోపాధ్యాయురాలు నన్ను అడగకుండానే నా పేరు పంపించేశారు. డి.ఇడి. ఉపాధ్యాయ శిక్షణలో మేము చదివిన మనోవిజ్ఞానం పావ్‌లోవ్ కుక్కతో మొదలై థార్న్‌డైక్ పిల్లితో ముగిసింది కనుక, ఈ విషయంలో నా పరిజ్ఞానం ఎంతో మీరే ఊహించుకోవచ్చు.

అయితే ఈ ప్రశ్నకు అసలు కారణం ఆ సమావేశం కాదు, మా తరగతిలోని ఒక పిల్లవాడు. వాడు క గుణింతాన్ని ‘క కా కి కీ’ మొదలుకొని ‘కం కః’ దాకా రాగంతో సహా ఒక్క ఊపిరిలో అప్పజెబుతాడు. అదే గుణింతంలోంచి ‘కే’ ఒక్కటి పలక మీద రాసి చూపిస్తే మాత్రం వాడి చూపు వెంటనే గోడ మీది చార్టుకు పోతుంది. మొదటి గడి నుంచి ‘క, కా, కి, కీ’ అని పెదవులు కదుపుతూ వచ్చి, అదే ఆకారం ఉన్న గడి దగ్గర ఆగి, ‘కే’ అంటాడు. చార్టు మీద తువ్వాలు కప్పి అడిగిన రోజు నోరు తెరవలేదు. ఎక్కాలలోనూ ఇదే తంతు. ‘ఏడెనిమిదులు ఎంత?’ అంటే ‘ఏడొకట్ల ఏడు’ దగ్గర బయలుదేరాల్సిందే. వీడొక్కడే అయితే వాడి మందబుద్ధి అనుకుని ఊరుకునేదాన్నేమో. కానీ తరగతిలో ఎనిమిది తొమ్మిది మంది ఇలాగే ఉన్నారు, అందులో ఇద్దరు మిగతా విషయాలలో చాలా చురుకైనవారు.

ఇంతలో ఒక తండ్రి వచ్చి ఇంకో చిక్కు తెచ్చిపెట్టారు. పట్నంలో పిల్లల కళ్ళకు గంతలు కట్టి రంగులు, అక్షరాలు చదివిస్తున్నారట, దానిని ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ అంటారట, వేలిముద్రలు తీసుకొని పిల్లవాడు చూసి నేర్చుకునే రకమో విని నేర్చుకునే రకమో కూడా చెప్పేస్తారట. వేలల్లో ఉన్న ఆ ఫీజు కట్టమంటారా అని అడిగారు. వద్దన్నాను కానీ, ఎందుకు వద్దో ఆయనకు నచ్చేలా చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు. ఖర్చు లేనివి, పలకా బలపంతో అయ్యేవి ఏమైనా ఉంటే అవే ముందు చెప్పండి.

మననం ఇచ్చిన సమాధానం

పలకాబలపం గారికి నమస్కారం. నేను బడిలో పాఠం చెప్పినవాడిని కాను, జ్ఞాపకశక్తి మీద ప్రయోగశాలలో పనిచేసేవాడిని. తరగతి గది గురించి నేను రాసే మాటలను మీ పదకొండేళ్ళ అనుభవంతో తూచి తీసుకోండి.

ముందుగా ఆ తండ్రిగారి ప్రశ్న తేల్చేద్దాం. మధ్యమెదడు ప్రతి మనిషిలోనూ పుట్టినప్పటి నుంచి పనిచేస్తూనే ఉంటుంది. కనుగుడ్లను కదపడం, శబ్దం వచ్చిన వైపు తల తిప్పించడం వంటివి దాని పనులు. దానిని ఎవరూ డబ్బు తీసుకొని నిద్ర లేపనవసరం లేదు. గంతలు కట్టిన పిల్లలు ముక్కుకు ఇరువైపులా మిగిలిన సందులోంచి కిందికి చూసి చదువుతారు. గడ్డం కింద అడ్డంగా ఒక అట్ట పెట్టి చూడమనండి, ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది. వేలిగీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, వాటిని బట్టి తెలివితేటలు చెప్పవచ్చనడానికి ఆధారం లేదు. ‘చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు’ అనే విభజన వీటికంటే మొండిది. 2012లో వెలువడిన ఒక సర్వేలో బ్రిటన్ ఉపాధ్యాయులలో 93 శాతం మంది దానిని నమ్ముతున్నట్టు తేలింది. కానీ, పిల్లవాడి రకాన్ని బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి తగిన రుజువులు దొరకలేదని హెరాల్డ్ పాష్లర్ బృందం అంతకు నాలుగేళ్ళ ముందే, 2008లో, చెప్పింది. దేశపటం చూపించే చెప్పాలి, పద్యం వినిపించే చెప్పాలి. ఆ ఎంపిక పాఠాన్ని బట్టి జరుగుతుంది తప్ప పిల్లవాడి వేలిముద్రను బట్టి కాదు.

ఇక మీ విద్యార్థి సంగతి. వాడికి గుణింతం వచ్చు, సందేహం లేదు. అయితే అది వాడికి ఒక గొలుసుగా వచ్చు. ఒక జ్ఞాపకం ఏ ఆసరాతో లోపలికి వెళ్ళిందో, సాధారణంగా అదే ఆసరాతో తేలికగా బయటికి వస్తుంది. వాడు ‘కే’ శబ్దాన్ని ఎప్పుడూ ‘కె’ వెనుకనే పలికాడు, ఆ ఆకారాన్ని ఎప్పుడూ చార్టులో అదే గడిలో చూశాడు. కాబట్టి ముందున్న శబ్దం, గోడ మీద ఆ చోటు, ఈ రెండే వాడికి తాళంచెవులు. చార్టు కప్పగానే ఒక తాళంచెవి పోయింది. ఏత్వం ఆకారాన్ని చూసీ చూడగానే ఆ శబ్దం తట్టే దారి ఇంకా పడలేదు, ఎందుకంటే ఆ దారిలో వాడిని ఎవరూ నడిపించలేదు.

దారి పడాలంటే బయటికి తీయడం, అంటే చూడకుండా గుర్తుతెచ్చుకోవడం, సాధన చేయించాలి. జ్ఞాపకం మీద జరిగిన పరిశోధనలలో బోధనకు అన్నిటికంటే పనికివచ్చేది ఇదేనని నా అభిప్రాయం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2006లో కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, తక్కిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం గుర్తుంది, రాసినవారికి 71 శాతం. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తిరగబడింది. చదివినవారికి మిగిలింది 40 శాతం, రాసినవారికి 61 శాతం. మొదటి ఐదు నిమిషాల లెక్కను మళ్ళీ ఒకసారి చూడండి. తరగతి చివర ‘అందరికీ వచ్చేసిందా?’ అని అడిగి, అందరూ ‘వచ్చేసింది టీచర్’ అన్నాక మనం సంతోషంగా గంట కొట్టించేది సరిగ్గా ఆ ఐదు నిమిషాల దగ్గరే.

రెండోది ఎడం, అంటే సాధనను ఒకేసారి కాకుండా కొన్ని రోజులకు పంచడం. ఎరిక్ కాండెల్ ఏప్లీసియా అనే సముద్రపు నత్త మీద చేసిన పనికి 2000లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ఆయన బృందం ఆ నత్తను వరుసగా నలభైసార్లు తాకితే, ఆ స్పర్శకు అది అలవాటు పడడం ఒక్కరోజే నిలిచింది. అవే నలభై స్పర్శలను రోజుకు పదేసి చొప్పున నాలుగు రోజులకు పంచితే వారాల తరబడి నిలిచింది. నత్తకూ మన పిల్లలకూ పోలికేమిటని ఎవరైనా సమావేశంలో నవ్వితే నవ్వనివ్వండి. నాడీకణాల మధ్య సంధులు మారే తీరులో చాలా భాగం ఇద్దరికీ ఒకటే. మనుషుల మీద జరిగిన ప్రయోగాలూ 1885లో జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న పరీక్షల నాటి నుంచి ఇదే మాట చెబుతున్నాయి. సోమవారం నలభై నిమిషాలు క గుణింతం మీద కూర్చోవడం కంటే, పది నిమిషాల చొప్పున నాలుగు రోజులు కూర్చోవడం మేలు. మధ్యలో కొంత మరిచిపోతారు, మరిచిపోనివ్వండి. కొంచెం తడబడి గుర్తుతెచ్చుకున్నదే గట్టిపడుతుంది.

పలకతో చేయవలసింది ఇది. చార్టు కప్పేయండి. ఒక అక్షరం చూపించండి లేదా పలకండి, అందరూ ఎవరి పలక మీద వారు రాసి, మీరు ‘ఎత్తండి’ అన్నప్పుడే ఒక్కసారిగా ఎత్తాలి. ‘ఎవరు చెబుతారు?’ అని అడిగితే చెయ్యెత్తిన ఒక్క మెదడే పనిచేస్తుంది, ఇలా అయితే ఇరవై మూడూ పనిచేస్తాయి. తప్పు రాసినవారికి సరైనది వెంటనే చూపించాలి, మార్కు మాత్రం వేయకూడదు. ఒక జాగ్రత్త: చిన్నపిల్లలను ‘గుర్తున్నదంతా రాయండి’ అని ఖాళీ పలక ముందు కూర్చోబెడితే అంతగా పనిచేయదు, వారికి ఏదో ఒక ఆసరా, సగం మాటో, బొమ్మో ఇవ్వాలి. మనసులో ఒకేసారి పట్టి ఉంచగలిగిన అంశాలు పెద్దవారిలోనే సుమారు నాలుగని నెల్సన్ కోవన్ 2001లో అంచనా వేశారు, పిల్లలలో ఇంకా తక్కువ. కాబట్టి కొత్త గుర్తులు ఒక పూటకు రెండు మూడుకు మించవద్దు.

ధారణ ఇచ్చిన సమాధానం

నేను ముప్పైరెండేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మననం గారి వివరణ బాగుంది. అయితే ఈ చర్చ ‘వల్లె వేయించడం దండగ’ అనే పాత పాట వైపు జారుతుందేమోనని ముందుగానే నాలుగు మాటలు రాస్తున్నాను.

వల్లె వేయడం అంటే ఒకే వరుసలో ఊకదంపుగా అనడమేనని మనవారు ఎన్నడూ అనుకోలేదు. వేదపాఠంలో ఘన అనే పద్ధతి ఉంది. మూడు పదాలుంటే వాటిని ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్ళీ ఒకటి-రెండు-మూడు అని ముందుకూ వెనక్కూ తిప్పి పలికిస్తారు. పలకాబలపం గారి పిల్లవాడికి పట్టిన జబ్బు, అంటే మొదటి నుంచి వస్తే తప్ప మధ్యది తట్టకపోవడం, ఘన చెప్పినవాడికి పట్టదు. గొలుసును అన్ని వైపుల నుంచీ విడగొట్టి చూపడమే ఆ పద్ధతి.

అష్టావధానం చూసినవారికి ఇంకో సంగతి తెలుస్తుంది. అవధాని ఒక పృచ్ఛకునికి పద్యంలో ఒక పాదం చెప్పి, ఆ పద్యాన్ని అక్కడే వదిలి, రెండోవారి దగ్గరకు వెళతాడు; మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం తగులుతూనే ఉంటాడు. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి పద్యం గుర్తుండాలి, రెండో పాదం దాని మీద అతకాలి. చివరికి అన్ని పద్యాలనూ ధారణ చేసి అప్పజెప్పాలి. మననం గారు చెప్పిన ఎడం, బయటికి తీయడం, రెండూ ఇందులో లేవా? ప్రయోగశాల లేకపోయినా సాధనలో మనవారికి ఇది తెలుసు.

నేను పదో తరగతికి సంధులు చెప్పినప్పుడు చేసిన పొరపాటు కూడా ఒప్పుకుంటాను. ఉత్వసంధి చెప్పిన వారం అన్నీ ఉత్వసంధి ఉదాహరణలే ఇచ్చేవాడిని. పిల్లలు పదాన్ని చూడకుండానే ఉత్వసంధి అని రాసేవారు, నూటికి నూరు తెచ్చుకునేవారు. అర్ధసంవత్సర పరీక్షలో సంధులన్నీ కలిపి ఇచ్చేసరికి తెల్లమొహం వేసేవారు. విడదీయడం వారికి వచ్చు, ఏ సంధో పోల్చుకోవడమే రాలేదు. దానికి పేరేమైనా ఉందా?

మననం ఇచ్చిన సమాధానం

ధారణ గారూ, మీరు చెప్పినదానిని కలగలుపు సాధన అనవచ్చు. ఫ్లోరిడాలో ఏడో తరగతి గణితం పిల్లలతో డగ్ రోరర్ బృందం చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. ఒకే రకం లెక్కలను ఒకచోట గుదిగుచ్చి ఇచ్చిన పిల్లలకు నెల తర్వాత పెట్టిన పరీక్షలో సగటున 42 శాతం వస్తే, అవే లెక్కలను ఇతర రకాలతో కలగలిపి ఇచ్చినవారికి 74 శాతం వచ్చింది. పాఠం శీర్షికే ‘తీసివేతలు’ అయినప్పుడు పిల్లవాడు లెక్కను చదవనవసరం లేదు, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేస్తే సరిపోతుంది. పలకాబలపం గారు రోజూ ఇచ్చే ఐదు లెక్కలలో రెండు పాత పాఠాలవి కలిపితే చాలు, పుస్తకం మార్చనవసరం లేదు.

అక్షరాల గురించి ఒక మాట జోడిస్తాను, ఎందుకంటే మన లిపి ఇంగ్లీషు లిపి వంటిది కాదు. వర్ణమాలలో అక్షరాలు యాభై చిల్లరే అయినా, గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లవాడు పోల్చవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. కన్నడం చదివే పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ అక్షర పరిజ్ఞానం నాలుగో తరగతిలో కూడా ఇంకా పెరుగుతూనే ఉంది. తెలుగు లిపి దానికి తోబుట్టువు. మూడో తరగతి పిల్లవాడు ‘ఘే’ దగ్గర తడబడితే వాడు వెనుకబడ్డాడనుకోనవసరం లేదు, ఆ లిపికి పట్టే కాలమే అంత. పైగా మన గుర్తులన్నీ ఒకే పోలికలో ఉండవు. దవత్తు, గవత్తు వాటి అక్షరాల పోలికలోనే ఉంటాయి. తవత్తు, నవత్తు, మవత్తు, యవత్తు, రవత్తు, లవత్తు అలా కావు. కాబట్టి పోలిక ఉన్నవాటిని ముందు, లేనివాటిని తర్వాత, ఒకదానికొకటి ఎడంగా నేర్పండి.

ఇంకొకటి. చిన్న తరగతుల పిల్లలు ఇంగ్లీషులో ‘బి’ని ‘డి’గా, అంకెల్లో 3ను తిరగేసి రాస్తే కంగారుపడవద్దు. కప్పు పిడి కుడివైపున్నా ఎడమవైపున్నా కప్పు కప్పే కదా. వస్తువులను అలా రెండు వైపుల నుంచీ ఒకటిగానే పోల్చడం మెదడు సహజ గుణం. చదువు నేర్చుకునే క్రమంలో మెదడు వెనుక ఎడమ అడుగుభాగంలోని ఒక చోటు అక్షరాలకు కేటాయింపు అవుతుందని, అప్పుడే ఈ అద్దపు పోలికను వదిలించుకోవలసి వస్తుందని ఫ్రాన్సుకు చెందిన స్తానిస్లాస్ దహేన్ వివరిస్తారు. ఏడెనిమిదేళ్ళ దాకా అది మామూలే.

సందేహి ఇచ్చిన సమాధానం

ధారణ గారి ఉదాహరణలు చదివాక ఎవరో ఒకరు పండితుల మెదడు స్కాన్‌ల వార్తను ఇక్కడికి తెస్తారని నాకు తెలుసు కనుక, నేనే తెచ్చి అక్కడే ఆపుతాను. యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల మెదళ్ళను అంతే మంది ఇతరులతో పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. పండితులలో కొన్ని భాగాలు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని ఒక భాగంతో సహా, ఇతరులలో కంటే దట్టంగా ఉన్నాయి. అది బాల్యం నుంచి ఏళ్ళ తరబడి రోజంతా సాధన చేసినవారి సంగతి, అదీ సాధనకు ముందు వారి మెదళ్ళు ఎలా ఉండేవో తెలియకుండా చేసిన పోలిక. దానిని చూపించి ‘శ్లోకాలు చదివిస్తే లెక్కలు వస్తాయి’ అని పాఠశాలల కరపత్రాలలో వేయడం అన్యాయం.

మొత్తంగా నా అభ్యంతరం ఇంకా కొంచెం ముందుకు వెళుతుంది. మననం గారు చెప్పిన పద్ధతులలో నత్త తప్ప మిగతావన్నీ మెదడును చూడకుండా, పిల్లలకు ఏం గుర్తుందో పరీక్షించి కనుక్కున్నవే. మెదడు చిత్రం నుంచి నేరుగా తరగతి గదికి వంతెన వేయడం అయ్యే పని కాదని, మధ్యలో మనస్తత్వశాస్త్రమే ఆధారమని జాన్ బ్రూయర్ 1997లోనే అన్నారు. సమావేశంలో రంగురంగుల మెదడు బొమ్మ పెడితే శ్రోతలు ఎక్కువ నమ్ముతారు, ఆ నమ్మకమే గంతలు కట్టేవారి పెట్టుబడి కూడా.

మెదడు అభివృద్ధిలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానంలో ఉన్న వాక్యాన్నీ జాగ్రత్తగా చదవాలి. అంగన్‌వాడీకి నిధులు అడగడానికి అది మంచి వాక్యమే. కానీ దానిని విని ‘మూడో తరగతికి వచ్చేశాడు, ఇక వీడికి రాదు’ అనుకునే ఉపాధ్యాయులను నేను చూశాను. లక్నో పరిసర గ్రామాలలో చదువు రాని పెద్దలకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి, ముందూ వెనుకా స్కాన్ చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఆ మెదళ్ళలోనూ మార్పు కనిపించింది. ఏ భాగంలో ఎంత మారిందన్న దానిపై వాదాలున్నాయి, పెద్దయ్యాక కూడా అక్షరం వస్తుందన్న దానిపై వాదమేమీ లేదు.

మననం ఇచ్చిన సమాధానం

సందేహి గారి మాటతో నేను ఏకీభవిస్తాను. నత్తను ఎందుకు తెచ్చానంటే, ఎడం వల్ల లాభం ఎందుకు కలుగుతుందో కణం స్థాయిలో అది చూపిస్తుంది. అంతవరకే దాని పాత్ర. సమావేశంలో మెదడు బొమ్మ పెట్టకపోయినా నష్టం లేదు.

రెండో బెంచీ ఇచ్చిన సమాధానం

నాది ఉపాధ్యాయ వృత్తి కాదు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి తండ్రిని. చర్చ చిన్నపిల్లల గురించి నడుస్తోంది కానీ, ‘పరీక్షించడం వల్ల గుర్తుంటుంది’ అన్న మాట చదివి ఆశ్చర్యపోయి రాస్తున్నాను. మా అమ్మాయి ఉన్న రెసిడెన్షియల్ కళాశాలలో రోజూ స్లిప్ టెస్టు, వారానికొక పెద్ద పరీక్ష ఉంటాయి. మరి ఆ లెక్కన అక్కడి పిల్లలందరికీ అంతా గుర్తుండాలి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మాయి మొదటి రెండు రోజులు అన్నానికి లేపినా లేవదు. ఉదయం ఐదింటికి స్టడీ అవర్ మొదలు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. పోయిన నెల చదివిన రసాయనశాస్త్రం అధ్యాయం పేరు చెప్పమంటే, ‘నాన్నా, ఆ టెస్టు అయిపోయింది’ అంది.

మననం ఇచ్చిన సమాధానం

రెండో బెంచీ గారూ, మీ అమ్మాయి ఇచ్చిన జవాబులోనే విషయమంతా ఉంది. నిన్న చెప్పినదాని మీద నేడు పరీక్ష పెట్టి, దానిని మళ్ళీ ఎన్నడూ ముట్టుకోకపోతే ఎడం దొరకదు. తప్పిన ప్రశ్నకు సరైన జవాబు ఎందుకు అదో కూర్చుని మాట్లాడే సమయం లేకపోతే, పరీక్ష నేర్పే సాధనం కాకుండా ర్యాంకులు వేసే సాధనంగా మిగిలిపోతుంది. ర్యాంకు గోడ మీద అంటించిన చోట పిల్లలు తెలియనిది దాచుకుంటారు. భయం ఎక్కువైనప్పుడు తెలిసినది కూడా గుర్తుకు రాదని పరీక్ష హాలులో కూర్చున్న ప్రతివారికీ తెలుసు.

నిద్ర సంగతి ఇంకా సూటిగా చెప్పవచ్చు. మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో ఎలుకల హిప్పోక్యాంపస్‌లోని కణాలను గమనించారు. పగలు పరుగులలో కలిసి పనిచేసిన కణాలు, తర్వాత నిద్రలో మళ్ళీ అలాగే కలిసి మేల్కొన్నాయి. పగటి జ్ఞాపకం గట్టిపడడంలో నిద్రకు పాత్ర ఉందని మనుషుల మీద జరిగిన పరిశోధనలూ చెబుతున్నాయి. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో సూచించింది. పదకొండింటికి పుస్తకం మూసి ఐదింటికి కూర్చోవాలంటే ఆరు గంటలు కూడా మిగలవు. పైగా కౌమారంలో శరీర గడియారమే ఆలస్యంగా తిరుగుతుంది. తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం ఆ వయసు తీరు, సోమరితనం కాదు. సియాటిల్ నగరంలో 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభ వేళను ఉదయం 7:50 నుంచి 8:45కు జరిపితే పిల్లల నిద్ర రోజుకు సుమారు 34 నిమిషాలు పెరిగింది. పడుకోవడం ఆలస్యం చేసుకొని దానిని వృథా చేసుకుంటారన్న భయం నిజం కాలేదు. మీరు తల్లిదండ్రుల సమావేశంలో అడగవలసింది పరీక్షలు తగ్గించమని కాదు. ఉదయపు స్టడీ అవర్ ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టమని, ప్రతి పరీక్షలో పాత అధ్యాయాలవి నాలుగు ప్రశ్నలు కలపమని అడగండి.

పలకాబలపం ఇచ్చిన సమాధానం

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు మన్నించాలి. మధ్యలో సమావేశం, దాని వెనుకే వానలకు రెండు రోజులు బడి సెలవు వచ్చాయి.

చార్టును తీసేయలేదు, దాని ముందు పాత దుప్పటి ఒకటి తాడుకు వేలాడదీశాను. ఉదయం ప్రార్థన కాగానే పది నిమిషాలు పలకల పని. మొదటి నాలుగు రోజులు చాలా గోలగా సాగింది. ‘ఎత్తండి’ అనకముందే ఎత్తేవారు, పక్కవాడి పలక చూసి చెరిపేవారు, ఒకమ్మాయి బలపం విరిగిందని ఏడ్చింది. అప్పుడు ధారణ గారి ఘన గుర్తుకొచ్చి, గుణింతాన్ని రాగంతోనే, కానీ వెనక నుంచి చెప్పించాను: కః, కం, కౌ, కో. తరగతి అంతా నవ్వుల్లో మునిగిపోయింది, అప్పటి నుంచి ఆ పది నిమిషాల కోసం వాళ్ళే ఎదురుచూస్తున్నారు. ఎక్కాలలో మాత్రం ఏడు, ఎనిమిది ఇంకా మొండికేస్తున్నాయి. లెక్కలు కలగలిపి ఇచ్చిన మొదటి వారం మార్కులు పడిపోయాయి, ఇద్దరు తల్లులు వచ్చి అడిగారు కూడా. నెల పరీక్షయ్యాక చూద్దామని చెప్పి పంపించాను.

నేను మొదట రాసిన పిల్లవాడికి నిన్న ‘కే’ చూపించాను. దుప్పటి వైపు చూశాడు, అలవాటు. తర్వాత నా వైపు చూసి ‘కే’ అన్నాడు. ‘మే’ కూడా చెప్పాడు. ‘మొ’ చూపిస్తే ఆగిపోయాడు. నిజమే, ‘కొ’లో ఉన్న ఒత్వం ఆకారం ‘మొ’లో ఉండదు. వాడికి ఎవరూ ఆ సంగతి చెప్పలేదని నాకు అప్పుడే తట్టింది. ‘మొ, యొ, ఘొ’ లాంటి వేరు పోలిక ఉన్నవాటికి ఈ వారం విడిగా అట్టముక్కలు చేస్తున్నాను. ఇలాంటివి ఇంకా ఏమేమి ఉన్నాయో ధారణ గారు ఒక పట్టీ రాసి ఇవ్వగలరా?

సమావేశంలో నాకు ఇరవై నిమిషాలకు బదులు పన్నెండే దొరికాయి. మెదడు బొమ్మ పెట్టలేదు. వచ్చిన టీచర్లందరికీ తలా ఒక పలక ఇచ్చి, క్రితం కాంప్లెక్స్ సమావేశంలో చెప్పిన మూడు అంశాలు రాసి ఎత్తమన్నాను. ముప్పై ఒక్క పలకలలో ఇరవై ఆరు ఖాళీగా లేచాయి, అందులో నాదీ ఒకటి.